అచ్చు వదలని పిడి

వార్నమో
18 జనవరి 1981

ఎల్నా,

బుధవారం ఎలా గడిచిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున ఏడున్నరకు ఆసుపత్రికి వెళ్లాను. డాగ్నీ మెలకువగా ఉంది. రేడియోలో సముద్ర వాతావరణం వింటోంది. మీ తీరానికి తుఫాను హెచ్చరిక చెప్పారు. "ఓడ కదలదు. చెల్లి ఇవాళ రాదు" అంది. అరకప్పు కాఫీ తాగింది. కప్పు నేను పట్టుకున్నాను. పదింటికి డాక్టరు వచ్చి గుండె బాగా అలసిపోయిందన్నాడు. "నాకు తెలుసు. ఆయనకు చెప్పండి" అని నన్ను చూపించింది.

మధ్యాహ్నం భోజనం వద్దంది. ముద్ద ఎక్కడ పెట్టావని అడిగింది. వంటింట్లో పైఅరలో ఉందన్నాను. "ఎవాల్డ్‌కి ఇచ్చి చేయించు. ఊరికే దాచిపెట్టకు" అంది. సరేనన్నాను. రెండింటికి కారు మీద మంచు దులపడానికి కిందికి వెళ్లాను. ఇంటినుంచి ఆమె దుప్పటి తెద్దామనుకున్నాను. పన్నెండు నిమిషాలు పట్టింది. పైకి వచ్చేసరికి నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది.

అంతే.

ముద్ద సంగతి నీకు తెలియదనుకుంటాను. పోయిన ఏడాదికి ముందు నవంబరులో డాగ్నీ బజారునుంచి వచ్చి ఇంటి తాళం తిప్పలేకపోయింది. కీళ్లవాతం అప్పటికే వేళ్లలోకి దిగింది. నేను బడిలో మీటింగులో ఉన్నాను. తాళంచెవి చేతిలో పట్టుకుని నలభై నిమిషాలు మెట్లమీద కూర్చుంది. నన్నేమీ అనలేదు. మర్నాడు మైదా, ఉప్పు, నీళ్లు కలిపి ముద్ద చేసి, దాన్ని తన వంకరవేళ్లతో గట్టిగా పట్టుకుని, ఆ ఆకారాన్ని ఓవెన్‌లో ఎండబెట్టింది. అది తాళంచెవికి పిడి. దాని నోట్లో తాళంచెవి తల దూరుస్తారు. వేళ్లతో పని లేదు. అరచేతి బలంతో తిరుగుతుంది. ఇలాంటిది ప్లాస్టిక్‌తో చేస్తే తనలాంటివాళ్లందరికీ పనికొస్తుందని ఆమె ఆలోచన.

చేయిస్తాను.

హోల్గెర్

విస్బీ
2 ఫిబ్రవరి 1981

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పన్నెండు నిమిషాల దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. అక్క సంగతి నీకు తెలియనిదేముంది? ఎవరైనా చూస్తుంటే తుమ్మేది కూడా కాదు. నువ్వు కిందికి వెళ్లేదాకా ఓపిక పట్టి ఉంటుంది. దాన్ని మనసులో పెట్టుకుని తిరగకు.

నేను రేవులో సంచీ ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. టికెట్ల పిల్ల చివరికి నాకు తన రొట్టెలో సగం పెట్టింది.

ఎవాల్డ్ అంటే మా నాన్నతో పాటు కార్ఖానాలో ఇనపతీగలు లాగిన యాల్మర్ కొడుకే కదా? గ్నోషోలో మా పక్కిల్లే. చిన్నప్పుడు అక్క జడకి రాగితీగ చుట్టి తన్నులు తిన్నాడు. మంచివాడే. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. మా ఊళ్లో కాఫీ తాగకుండా ఏ పనీ జరగదు. తొమ్మిదికి గంట కొడతారు, యజమాని దగ్గర్నుంచి ఊడ్చేవాడి దాకా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నువ్వూ కూర్చో. బన్ను తిను. నోరు విప్పకపోయినా ఫర్వాలేదు, నీకది అలవాటే.

ఫోను మాత్రం చెయ్యకు. నా చెవిమిషను ఈల వేస్తుంది, నువ్వేమో మాట్లాడవు. ఇద్దరం ఈల వినడానికి డబ్బులు దండగ.

నా చేతులు కూడా అక్క దారే పట్టాయి, రాత చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం పక్కింటి గెర్ట్రూడ్ వచ్చి నన్ను లోపల పెట్టి తాళం వేస్తుంది, పొద్దున వచ్చి తీస్తుంది. కోళ్లగూటి బతుకు.

నీ మరదలు
ఎల్నా

వార్నమో
22 మార్చి

ఎల్నా,

ముద్దను కాలిపర్‌తో కొలిచాను. నలభై ఆరు కొలతలు, మిల్లీమీటరులో పదోవంతు దాకా. మూడు కాగితాల మీద గీశాను. గురువారం ఎవాల్డ్ ప్లాస్టిక్ సామాను పోతపోసే షెడ్డుకు వెళ్లాను.

ముద్దను తిప్పి చూసి, "ఏంటి మేష్టారూ, దీన్ని చెయ్యాలా, తినాలా?" అన్నాడు.

అక్కడ సీవ్ అని ఒకావిడ సరుకు పొట్లాలు కడుతుంది. ఆవిడ తలెత్తకుండానే, "తినకు ఎవాల్డూ, నీకు బీపీ" అంది.

విషయం చెప్పాను. ముద్దను తన చేతిలో పెట్టుకున్నాడు. అతని వేళ్లు ఆ గుంటల్లో కూర్చోలేదు. "డాగ్నీ చెయ్యి ఇట్లా అయిపోయిందా" అన్నాడు. నేను కాగితాలు పరిచాను. శ్రద్ధగానే చూశాడు. ఎప్పటికవుతుందని అడిగాను.

"చూద్దాం" అన్నాడు.

గంట కొట్టారు. నాకు కాఫీ అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

హోల్గెర్

విస్బీ
5 ఏప్రిల్

బావా,

నీ ఉత్తరం పరీక్ష పేపరులా ఉంది. మార్కులెన్ని?

కాఫీ అక్కర్లేదన్నావా? అయ్యో దేవుడా అనుకోవడం తప్ప ఏం చెయ్యను. పోనీ, మళ్లీ వెళ్తావు కదా. అప్పుడైనా కూర్చో. ఎవాల్డ్ "చూద్దాం" అన్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశాడా, నీ మొహంలోకి చూశాడా? అది రాయి.

ఇక్కడ మంచు కరిగింది. గెర్ట్రూడ్‌కి జలుబు చేసి నిన్న పదకొండింటి దాకా రాలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని పోస్టుమేన్‌కి చెయ్యి ఊపాను. అతనూ ఊపి వెళ్లిపోయాడు.

ఎల్నా

వార్నమో
30 మే

ఎల్నా,

కిటికీ సంగతి నేను గమనించలేదు. అది ముఖ్యమని అనుకోను.

మొదటి నమూనా వచ్చింది. నల్లది. అన్నీ తప్పులే. ప్లాస్టిక్ చల్లారి ముడుచుకుపోయి తాళంచెవి దూరలేదు. అది దిద్దుకోవచ్చు. అసలు సంగతి వేరు. వేళ్ల గుంటలు లేవు. సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. నలభై ఆరు కొలతల్లో ముప్పై ఒకటి వదిలేశాడు.

ఎందుకని అడిగాను. అచ్చు రెండు చెక్కలుగా తెరుచుకోవాలిట. గుంటలు చుట్టూ తిరిగి ఉంటే వస్తువు లోపల ఇరుక్కుని ఊడి రాదుట. అయితే నాలుగు చెక్కల అచ్చు చెయ్యమన్నాను.

"చెయ్యొచ్చు మేష్టారూ. కానీ ఈ గుంటలు ఎవరి వేళ్లకి? ఒక్కొక్కరి వేళ్లు ఒక్కోలా వంగుతాయి. ఇది డాగ్నీ చేతికి సరిపోతుంది. డాగ్నీ ఇప్పుడు తలుపు తియ్యక్కర్లేదు కదా" అన్నాడు.

షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారి ఆగినట్టు అనిపించింది. ఆగలేదు. సీవ్ మాత్రం పొట్లం కట్టడం ఆపింది.

నేను గీసినట్టే చెయ్యమని చెప్పాను. చూద్దామన్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా బయటికి వచ్చాను.

నాకు తొందర ఉంది. కారణం రాస్తాను. ఉప్పు గాలిలో తేమ పీలుస్తుంది. ముద్ద అడుగున మెత్తబడుతోంది. బిస్కెట్ల డబ్బాలో బియ్యం పోసి అందులో పెట్టాను. వారానికోసారి కొలుస్తున్నాను. చిటికెన వేలి గుంట లోతు ఫిబ్రవరిలో నాలుగు మిల్లీమీటర్లు. ఇప్పుడు మూడున్నర.

హోల్గెర్

వార్నమో
14 జులై

ఎల్నా,

నీ జూన్ ఉత్తరం అందింది. ఎవాల్డ్ మీద కోపం వద్దన్నావు. కోపం లేదు. పని కావాలి.

నిన్న వెళ్లాను. గేటుకు తాళం. జులైలో నాలుగు వారాలు ఊరంతా సెలవు. ఏటా ఇంతే. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో ఉంటున్నాను, మరిచిపోయాను. ఒక్క మిషను చప్పుడు లేదు. పెట్రోలు బంకు అతన్ని అడిగితే, "ఎవాల్డా? చేపలకి పోయాడు. ఏ చెరువో చెప్పడు, చెబితే మనం వెళ్తామని" అన్నాడు.

ఇంకొక వారం ముందు గుర్తొచ్చి ఉంటే సరిపోయేది. చిటికెన వేలు మూడు మిల్లీమీటర్లు.

హోల్గెర్

విస్బీ
30 ఆగస్టు

బావా,

నీ పొట్లం బుధవారం వచ్చింది. అక్క బతికుండగా కూడా నువ్వు నాకెప్పుడూ ఏమీ పంపలేదు, ఎల్లకాలం ఆవిడ రాసిన ఉత్తరం కింద సంతకం మాత్రం పెట్టేవాడివి. కాబట్టి పొట్లం మీద నీ పేరు చూసి ముందు భయపడ్డాను.

ఇప్పుడు విను. గురువారం పొద్దున ఆరున్నరకి నా తలుపు నేనే తీశాను. తాళంచెవి పెట్టాను, అరచెయ్యి ఆనించాను, తిరిగింది. నొప్పి లేదు. చేతిలో ఏదో పట్టుకున్నానన్న ఊహే రాలేదు. వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. చెయ్యడానికి పనేమీ లేదు, ఊరికే నిలబడ్డాను. మళ్లీ లోపలికి వచ్చి తాళం వేశాను. మళ్లీ తీశాను. గెర్ట్రూడ్ గౌనుమీదే పరిగెత్తుకొచ్చి, "దొంగలనుకున్నాను, నువ్వా ముసలీ" అంది. ఆవిడకి కొంచెం కష్టంగానే ఉంది, పొద్దున్నే వచ్చి నాకు చాడీలు చెప్పే పని పోయింది కదా. కాఫీకి రమ్మన్నాను.

రెండోదాని గురించి ఇప్పుడు రాయలేను. తరువాత రాస్తాను.

నువ్వు గొప్ప పని చేశావు బావా. ఎవాల్డ్‌కి కూడా చెప్పు.

ఎల్నా

వార్నమో
6 సెప్టెంబరు

ఎల్నా,

నీ ఉత్తరం వచ్చింది. సంతోషం.

వేళ్ల గుంటలు ఎవరికీ సరిపోవని ఎవాల్డ్ పట్టుబట్టాడు. నేను మూడు నెలలు వాదించాను. చివరికి ఆగస్టులో గుంటలతో ఒకటి, ఎర్రది, చేతితో పోతపోశాడు. షెడ్డులో చూశాను. డాగ్నీ పట్టు ఉన్నదున్నట్టు వచ్చింది. చేతులు బాగాలేనివాళ్లు పరీక్షించాలి కాబట్టి నా పేరు మీద నేరుగా నీకు పంపమన్నాను. నొప్పి లేదని నువ్వే రాశావు. ఇక వాదన లేదు.

నీ వాక్యాలు నాలుగు కాపీ చేసి, ఎర్రదాని ప్రకారం ఉక్కు అచ్చు కోయమని ఎవాల్డ్‌కు రిజిస్టరు ఉత్తరం పంపాను. ఉక్కు ఒకసారి కోస్తే మార్చడానికి వీలుండదు. అందుకే రాతలో పెట్టాను.

రెండోది అన్నావు. ఏమిటో తెలియలేదు. ఆరోగ్యం సంగతైతే దాచకుండా రాయి.

హోల్గెర్

వార్నమో
14 అక్టోబరు

ఎల్నా,

నీనుంచి ఉత్తరం లేదు. బాగున్నావనుకుంటాను.

ఎవాల్డ్‌కు ఉత్తరం రాసి అయిదు వారాలైంది. జవాబు లేదు. సెప్టెంబరులో రెండుసార్లు వెళ్లాను. "కోశావా?" అంటే "చూద్దాం మేష్టారూ" అంటాడు. సీవ్ నాకు కుర్చీ లాగి వేసింది. కూర్చోలేదు. నిన్న మళ్లీ వెళ్లాను. షెడ్డు ఖాళీ. తలుపు మీద అట్టముక్క: దుప్పివేటకు వెళ్లాం, సోమవారం వస్తాం. ఆరుగురికి ఆరుగురూ తుపాకులు పట్టుకుని అడవిలో ఉన్నారు. సీవ్ కూడా.

నీ ఊరివాళ్లను నేను అర్థం చేసుకోలేను. చెయ్యననరు, చెయ్యరు. మాట ఇస్తారు, చేపలకు పోతారు. మళ్లీ మాట ఇస్తారు, దుప్పులకు పోతారు. డాగ్నీ ఇతని దగ్గరికే ఎందుకు వెళ్లమందో తెలియదు. కాగితాలు తీసుకుని గోథెన్‌బర్గ్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీకి పంపబోతున్నాను. వాళ్లు గీసింది గీసినట్టు చేస్తారు.

నువ్వు మొదటినుంచీ కాఫీ, కాఫీ అని రాస్తున్నావు. నాకు కావలసింది కాఫీ కాదు.

హోల్గెర్

విస్బీ
19 అక్టోబరు

బావా,

ముందు తిట్టాలి, తరువాత చెప్పాలి. చెయ్యి నొప్పి కాబట్టి తిట్లు తగ్గిస్తున్నాను.

పొట్లంలో రెండున్నాయి. నల్లది, ఎర్రది. రెండూ నువ్వే పంపావనుకున్నాను. నేను తలుపు తీసేది నల్లదానితో. నున్నగా ఉన్నదే. ఆ ఉత్తరమంతా దాని గురించే. ఎర్రది నా చేతికి పట్టదు. అక్క వేళ్లు చిటికెన వైపుకి వాలేవి, నావి లోపలికి ముడుచుకుంటాయి. ఆ గట్లు నా కణుపుల మీద కూర్చుంటాయి. ఒక్కసారి తిప్పాను, కళ్లలో నీళ్లొచ్చాయి.

కానీ అక్క ఫొటో పక్కన పెట్టుకున్నాను. తలుపు తీయడానికి కాదు. కూర్చుని, ఆ గుంటల్లో నా వేళ్లు ఎంతవరకు పోతే అంతవరకు పెట్టుకుంటాను. రేవుకి రాని ఓడ గుర్తొస్తుంది. పద్నాలుగో తారీకున నేను పట్టుకోలేకపోయిన చెయ్యి అదే కదా. ఇదే రెండోదాని గురించి నేను రాయలేకపోయింది. నువ్వేమో నా ఆరోగ్యం అడిగావు. కోపమొచ్చి జవాబివ్వలేదు. తెలిసే పంపి, తెలియనట్టు అడుగుతున్నావనుకున్నాను.

ఇక మా ఊరి సంగతి. మొహం మీద "కాదు" అనడం మా వాళ్లకి రాదు. ప్రార్థనమందిరంలో ఒకే బల్లమీద కూర్చోవాలి, చచ్చేదాకా పక్కపక్క ఇళ్లలో ఉండాలి. అందుకని "చూద్దాం" అంటారు. అంటే వద్దు అని. అసలు మాట కాఫీ బల్ల దగ్గర, మూడో కప్పుకి బయటికి వస్తుంది. అందుకే కూర్చోమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. నువ్వు ఆర్నెల్లుగా వాళ్లు "వద్దు" అంటుంటే "సరే" అని విని వచ్చేస్తున్నావు.

ఉక్కు కోసేశాడా లేదా, ముందు అది కనుక్కో. కోసేసి ఉంటే ఆ తప్పులో సగం నాది.

ఎల్నా

వార్నమో
29 అక్టోబరు

ఎల్నా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ముందు నీ మీద కోపం వచ్చింది. తరువాత ఎవాల్డ్ మీద. మంగళవారానికి అదీ పోయింది.

ఆ రోజే డబ్బా తెరిచాను. ముద్ద రెండు ముక్కలైంది. చిటికెన వేలి గుంట లేదు. బియ్యంలో తెల్లటి పొడి ఉంది. కాలిపర్ తీశాను, మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఇవాళ మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను.

"కోశావా?" అన్నాను.

"లేదు" అన్నాడు. ఉక్కుదిమ్మ బెంచీ మీద నూనె కాగితంలో ఉంది, విప్పనైనా లేదు.

"చూద్దాం అంటే వద్దు అనా?"

కిటికీలోంచి బయటికి చూశాడు. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. "పెళ్లాం పోయినవాడి మొహం మీద వద్దని ఎట్లా అంటాను మేష్టారూ? మీరు ఒక్కరోజన్నా కూర్చోరు. కూర్చుంటే మెల్లిగా చెప్పేవాణ్ణి."

"నల్లది పొట్లంలో ఎందుకు పెట్టావు?"

"ఎర్రది లోపల కదలకుండా ఉంటుందని."

వెనకనుంచి సీవ్, "అబద్ధం. నల్లదాన్ని మళ్లీ పోతపోసి, దూరుతుందో లేదో వంద తాళంచెవులు పెట్టి చూశాడు. రెండు వారాలు ఇంటికి ఆలస్యంగా పోయాడు. పొట్లం కట్టేదాన్ని నేను, నన్ను ముట్టుకోనివ్వలేదు" అంది.

ఎవాల్డ్ ఆవిడను పని చూసుకోమన్నాడు. ఆవిడ చూసుకోలేదు.

నీ ఉత్తరం జేబులో ఉంది. కోళ్లగూడు అన్నది కాదు, ఆగస్టుది, వీధిలో ఊరికే నిలబడ్డానన్నది. అతనికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. సీవ్‌కి ఇచ్చాడు. ఆవిడ పైకి చదివింది. మిగతావాళ్లు మిషన్లు ఆపారు. ఈసారి నిజంగానే ఆపారు.

"అయితే మేష్టారూ?" అన్నాడు ఎవాల్డ్.

నేను నోరు తెరిచేలోపు చెయ్యి అడ్డుపెట్టాడు. "ఇప్పుడు వద్దు. రేపు చెప్పండి, తొమ్మిదికి."

డాగ్నీ ఆసుపత్రిలో అన్న మాట నీకు జనవరిలో రాశాను. ఊరికే దాచిపెట్టకు అంది. నేను రాసింది నేనే ఇవాళ మళ్లీ గుర్తుచేసుకోవలసి వచ్చింది. తాళంచెవి పట్టుకుని మెట్లమీద కూర్చున్నవాళ్ల కోసం ఆమె ఆ ముద్ద కలిపింది. నేను తొమ్మిది నెలలు దాన్ని బియ్యంలో పెట్టి కొలిచాను.

ఎర్రది నీ దగ్గరే ఉండనీ. అది ఒక్కటే. క్రిస్మస్‌కు ఓడలు నడిస్తే వస్తాను. వచ్చినప్పుడు నన్నూ కాసేపు పట్టుకోనివ్వు. నేను తలుపు తట్టినప్పుడు గెర్ట్రూడ్‌ను పిలవకు. నువ్వే తియ్యి.

సాయంత్రం డాగ్నీ పుస్తకం చూసి యాలకుల బన్నులు చేశాను. గట్టిగా వచ్చాయి. ఇరవై నాలుగు. వాళ్లు ఆరుగురే, అయినా తీసుకెళతాను.

రేపు పొద్దున తొమ్మిదికి ముందే ఎవాల్డ్ షెడ్డుకు వెళతాను. గంట కొట్టాక వాళ్ల బల్ల దగ్గర కూర్చుంటాను. మూడు కప్పులు తాగుతాను. తరువాత నల్లదానికి ఉక్కు కోయమని చెబుతాను.

హోల్గెర్